ధూమపాన విరమణయందు దూరవైద్యము

దూరవైద్యమనగా వైద్యుడును రోగియు ఒకచోట కూడకయే టెలిఫోను, వీడియో, లిఖిత సందేశము మున్నగు సాధనముల ద్వారమున రోగనిర్ణయము, హితోపదేశము, చికిత్స, పునఃపరిశీలనము జరుపు పద్ధతి. బీడీ, చుట్ట, సిగరెట్టు త్రాగువారిని ఆ వ్యసనమునుండి విడిపించుటకు ఈ పద్ధతి పాశ్చాత్యదేశములందు 1980వ దశాబ్దినుండియు, భారతదేశమున జాతీయ సేవారూపమున 2016 నుండియు ప్రచారమందున్నది. ఎముక విరిగినవానికిని, కడుపునొప్పితో మెలికలు తిరుగువానికిని దూరవైద్యము ప్రత్యక్ష వైద్యమునకు సాటి కాజాలదు. పొగ మాన్పించు చికిత్సయందన్ననో వైద్యుని హస్తస్పర్శకంటె సలహాదారుని సంభాషణమే ప్రధానమగుటచేతను, ఆ సంభాషణము ఒక్కమారుతో ముగియక వారములు, మాసములు సాగవలసియుండుటచేతను, దూరమునుండి జరుపుటకు ఇంతకంటె అనువైన చికిత్స అరుదు. కావుననే ఈ సేవ జయాపజయములు యంత్రముల నాణ్యతపై కంటె, ఒకమారు పిలిచినవానిని మరల మరల పలుకరించు క్రమముపై ఎక్కువగా ఆధారపడియుండును.

హసన్‌పర్తియు పొగాకు ప్రపంచమును

హసన్‌పర్తి తెలంగాణ రాష్ట్రమున హనుమకొండ జిల్లాయందలి మండల కేంద్రము; ఇట్టి సేవ పల్లెలయందెట్లు నడువవలెనో తెలియుటకు దీనిని ఉదాహరణముగా గైకొనవచ్చును. హనుమకొండనుండి కరీంనగరు పోవు మార్గమున నున్న యీ యూరు పూర్వపు వరంగల్లు జిల్లాలోనిది. దీని పేరిట గల రైలు స్టేషను, 1929లో పూర్తియైన కాజీపేట–బల్లార్షా మార్గముననున్నది. ఈ ప్రాంతమున కొంతభాగము మహా వరంగల్లు నగరపాలక సంస్థలో చేరగా, తక్కిన గ్రామములు వ్యవసాయముపై జీవించుచున్నవి. ఎర్రగట్టు గుట్ట, అనంతసాగరముల చెంత ఇంజినీరింగు కళాశాలలు వెలసి వేలకొలది యువకులు చదువుకొనుచున్నారు. బీడీతో ముదిసిన శ్రామికుడును, ఇల్లు విడిచి వచ్చిన వయస్సున సిగరెట్టు రుచిమరగు విద్యార్థియు ఒకే మండలమున కానవచ్చుటకు ఇట్టి నగరోపాంత గ్రామములు తావగుచున్నవి. విద్యాసంస్థలకు 100 గజముల లోపల పొగాకు వస్తువులను విక్రయింపరాదని 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టము నిషేధించినది.

హసన్‌పర్తికి చుట్టునున్న దేశము పొగాకు వ్యాపారముతో పెనవైచుకొని యున్నది. తూర్పున ములుగు, భూపాలపల్లి అడవులు తునికాకునకు ప్రసిద్ధములు. వేసవియందు కూలీలు కోసి, కట్టలు కట్టి, కల్లములలో ఆరబెట్టిన యాకును, కరీంనగరు, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతములందు స్త్రీలు ఇండ్లలో కూర్చుండి బీడీలుగా చుట్టుదురు. ఈ కార్మికులకు రాష్ట్ర ప్రభుత్వము జీవనభృతి నొసగుచున్నది. ఆంధ్రప్రదేశ్ కోస్తా జిల్లాలయందు వర్జీనియా పొగాకు సాగు ప్రబలియుండుటచే, 1975 నాటి చట్టము ననుసరించి ఏర్పడిన పొగాకు బోర్డునకు గుంటూరును, 1947లో స్థాపితమైన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థకు రాజమహేంద్రవరమును స్థానములైనవి. ఒక వస్తువును పండించి, చుట్టి, అమ్మి బ్రదుకు జనులమధ్యనే ఆ వస్తువును మాన్పింపవలసి యుండుట ఈ దేశమున విరమణచికిత్సకు గల ప్రత్యేక క్లేశము.

2016–17లో జరిగిన ప్రపంచ వయోజన పొగాకు సర్వేక్షణము ప్రకారము భారతదేశమున 15 ఏండ్లు నిండినవారిలో నూటికి 28.6 మంది ఏదో యొక రూపమున పొగాకు వాడుచుండిరి. తెలంగాణమున ఈ సంఖ్య 17.8. దేశమున పొగ త్రాగువారు నూటికి 10.7 కాగా, తంబాకు, గుట్కా, ఖైనీ మున్నగువానిని నమలువారు 21.4. పొగ త్రాగువారిలో సగమునకు మించినవారు మానవలెనని తలచుచుండిరనియు, నూటికి 38.5 మంది అంతకు ముందటి సంవత్సరమున ప్రయత్నించిరనియు ఆ సర్వేక్షణమే తెలుపుచున్నది. అట్లు ప్రయత్నించినవారిలో అత్యధికులు ఎవరి సహాయమును లేకయే ప్రయత్నించిరి. కోరిక గలవారు కోట్లకొలది యుండియు తోడ్పడువారు లేకపోవుట యను ఈ యంతరమును పూరించుటయే దూరవైద్యము యొక్క ప్రయోజనము.

వ్యసన స్వరూపము

పొగతోపాటు ఊపిరితిత్తులలో చేరిన నికోటిను 10–20 క్షణములలో మెదడును చేరి, అచ్చటి గ్రాహకములను ప్రేరేపించి, డోపమిను విడుదలగునట్లు చేయును. రక్తమునందు దాని పరిమాణము సుమారు రెండు గంటలకొకమారు సగమగుచుండును. కావున త్రాగువాడు దినమంతయు ఆ కొరతను పూరించుకొనుచునే యుండును. మానిన పిమ్మట చిరాకు, ఆందోళనము, నిద్రలేమి, ఏకాగ్రత లోపించుట, ఆకలి హెచ్చుట మొదలగు లక్షణములు తొలి వారమున తీవ్రములై, రెండునుండి నాలుగు వారములలో క్రమముగా తగ్గును. దేహబాధ ఇట్లు కాలపరిమితి గలదియైనను, అభ్యాసబంధము దానికంటె దీర్ఘము. ప్రొద్దుట చాయ, భోజనానంతరము, కల్లు మండువ, పొలము గట్టున విశ్రాంతి, పరీక్షలముందటి రాత్రి—వీనిలో ప్రతి సందర్భమును మానినవానికి వ్యసనమును జ్ఞప్తికి తెచ్చును.

బీడీ విషయమున మరియొక విశేషము గలదు. తునికాకు సరిగా మండదు గనుక, బీడీ ఆరిపోకుండుటకు మాటిమాటికి బలముగా పీల్చవలసియుండును; అందుచే అది చిన్నదైనను నికోటిను, తారు, కార్బన్ మోనాక్సైడులను సిగరెట్టుకు తక్కువగాక అందించును. ఆకుతో చుట్టినది గనుక బీడీ స్వల్పహానికరమను భావము నిరాధారము.

పూర్వరంగము

మాటచే పొగాకు మాన్పింపవచ్చునని నిరూపించిన తొలి మహాప్రయత్నములలో ఒకటి తెలుగుగడ్డపై జరిగినది. ఉత్తరాంధ్ర తీరమున కొందరు స్త్రీలు చుట్టయొక్క నిప్పుగల కొనను నోటిలోనుంచుకొని పీల్చుదురు. దీనిని అడ్డపొగ యందురు. ఈ యలవాటు అంగిలిపై క్యాన్సరునకు కారణమగుచున్నదని పరిశోధకులు గుర్తించిరి. శ్రీకాకుళము, కేరళయందలి ఎర్నాకుళము, గుజరాతునందలి భావనగరము జిల్లాల పల్లెలలో 36,000 మందికి పైగా పొగాకు వాడువారిని ఎన్నుకొని, ఏటేట వారి నోళ్లను పరీక్షించుచు, వ్యక్తిగత సంభాషణము చేతను ప్రచారసాధనముల చేతను మానుటకు ప్రోత్సహించిరి. గుప్త, మెహతా, పిండ్‌బోర్గ్ ప్రభృతులు 1986లో లాన్సెట్ పత్రికయందు ప్రకటించిన ఫలితముల ప్రకారము, బోధ పొందినవారిలో మానినవారును తగ్గించినవారును పూర్వపు పోలికసమూహమునందుకంటె అధికులైరి. క్యాన్సరునకు పూర్వరూపమగు తెల్లమచ్చలును తక్కువయైనవి. ఔషధములేవియు లేకయే లభించిన యీ ఫలితము క్రమము తప్పని పునర్దర్శనముచే కలిగినది. అయితే పరీక్షకులు ఇల్లిల్లు తిరుగవలసి వచ్చిన యీ పద్ధతి దేశమంతటికిని విస్తరింపజేయుటకు మిక్కిలి వ్యయసాధ్యము.

ఆ వ్యయమును తగ్గించు మార్గము టెలిఫోను చూపినది. బ్రిటనులో 1988లో విరమణ టెలిఫోను సేవ ఆరంభమైనది. అమెరికాయందలి కాలిఫోర్నియా 1992లో రాష్ట్రవ్యాప్త సేవను నెలకొల్పి, ఆంగ్లమునకే పరిమితము గాక చైనా, కొరియా, వియత్నాము భాషలు మాటలాడు ప్రవాసులకును సలహాదారులను సమకూర్చినది. 2004లో అమెరికా అంతటికిని ఒకే ఉచిత సంఖ్య ఏర్పడినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యమున 2003లో ఆమోదింపబడి, 2005 ఫిబ్రవరి 27న అమలులోనికి వచ్చిన పొగాకు నియంత్రణ అంతర్జాతీయ ఒడంబడికను భారతదేశము 2004లోనే ధ్రువీకరించినది. అందలి 14వ అధికరణము విరమణకు తోడ్పడుటను సభ్యదేశముల బాధ్యతగా నిర్దేశించుచున్నది.

తెలుగునాట దూరవైద్యము

పల్లెకును పట్టణపు వైద్యునకును నడుమ తెరపై సమావేశము కూర్చుటలో తెలుగువారు దేశమున ముందంజ వేసిరి. చిత్తూరు జిల్లాయందలి అరగొండ గ్రామమున అపోలో సంస్థ స్థాపించిన దూరవైద్య కేంద్రమును 2000 మార్చి 24న హైదరాబాదు పర్యటనకు వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆరంభించెను. ఉపగ్రహ సంబంధముచే పనిచేసిన యీ కేంద్రము ప్రయోగదశకు చెందినది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున ప్రవేశపెట్టబడిన 104 సేవ సామాన్యునకు టెలిఫోనులోనే ఆరోగ్యసలహా లభింపజేసి, జనులకు ఆ పద్ధతిని అలవాటు గావించినది.

2019 నవంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ ప్రారంభించిన ఈ–సంజీవని పద్ధతియందు, ఊరిలోని ఆరోగ్య కేంద్రమున సిబ్బంది రోగిని కూర్చుండబెట్టి, పట్టణమునందలి వైద్యునితో తెరపై మాటలాడింతురు. కరోనా విజృంభించిన 2020 ఏప్రిలులో రోగి తన యింటినుండియే వైద్యుని సంప్రదించు రెండవ విధానము చేర్పబడినది. 2023 ఫిబ్రవరి నాటికి దేశమున ఈ సంప్రదింపులు 10 కోట్లు దాటగా, అందు ప్రథమస్థానము ఆంధ్రప్రదేశ్‌దే. తెలంగాణమును లక్షలకొలది సంప్రదింపులతో అగ్రశ్రేణి రాష్ట్రములలో నిలిచినది. ఇది సర్వవ్యాధులకు ఏర్పడిన సేవయైనను, ఆయాసముతోనో దగ్గుతోనో వచ్చినవానిని, “బీడీ త్రాగుదువా?” యని ప్రశ్నించి, మానుమని చెప్పుటకు వైద్యునకు చక్కని యదను కల్పించుచున్నది.

జాతీయ విరమణ సేవ

పొగాకు మానగోరువారికై ప్రత్యేకించిన జాతీయ టెలిఫోను సేవ 2016 మేలో ఢిల్లీయందలి వల్లభభాయి పటేలు వక్షోరోగ సంస్థలో ఆరంభమైనది. దీని ఉచిత సంఖ్య 1800-11-2356. ఆరంభమున హిందీ, ఆంగ్ల భాషలకే పరిమితమై, 2018లో బెంగుళూరు నిమ్‌హాన్స్, ముంబాయి టాటా స్మారక కేంద్రము, గౌహతి బరువా క్యాన్సరు సంస్థలకు విస్తరించుటతో, దక్షిణాది భాషలతోపాటు తెలుగునను సంభాషించు అవకాశము కలిగినది. సోమవారము తప్ప తక్కిన దినములందు ఉదయము 8 గంటలనుండి రాత్రి 8 గంటలవరకు సలహాదారులు లభింతురు. 2018 సెప్టెంబరు 1 మొదలు ఈ సంఖ్యను ప్రతి పొగాకు పొట్లముపైనను, పొట్లపు ప్రధాన పార్శ్వములలో నూటికి 85 వంతులు ఆక్రమించు హెచ్చరిక చిత్రముతో కూడ, ముద్రింపవలెనను నియమము అమలులోనికి వచ్చినది. విషమును అమ్ము పొట్లమే విరుగుడు చిరునామాను మోయునట్లు చేసిన యీ యేర్పాటు, ప్రచారవ్యయము లేకయే సేవను పాన్ డబ్బాల వరకు చేర్చినది.

2016లోనే సందేశముల ద్వారమున నడచు మరియొక సేవయును వెలసినది. 011-22901701 సంఖ్యకు మిస్డ్ కాల్ ఇచ్చినవారికి, వారి యలవాటునుబట్టి ప్రోత్సాహవాక్యములు కొన్ని మాసములపాటు ఫోనునకు వచ్చుచుండును. పొగాకుతోపాటు మనోవ్యాకులత, మద్యవ్యసనము గలవారికి, 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి–మానస్ 14416 సేవ ఉపకరించును.

సంభాషణ క్రమము

విరమణ సంభాషణమునకు స్థిరమైన సోపానములు గలవు: పొగాకు వాడుకను విచారించుట, స్పష్టముగా మానుమని చెప్పుట, సంసిద్ధతను కనుగొనుట, సాయపడుట, మరల మాటలాడుటకు దినము నిర్ణయించుట. వ్యసనపు తీవ్రతను అంచనా వేయుటకు ఫాగర్‌స్ట్రోము పరీక్షయందలి ఆరు ప్రశ్నలు వాడుకలోనున్నవి. అందు ముఖ్యమైనది, నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగించుచున్నాడను ప్రశ్న. ఐదు నిమిషముల లోపలనే వెలిగించువాడు గాఢవ్యసని. బీడీలను లెక్కింపని రైతును “దినమునకు ఎన్ని?” యని అడుగుటకంటె, “కట్ట ఎన్నాళ్లకు ముగియును?” అని అడిగిన సరియైన సమాధానము లభించును.

పిదప మానుటకొక దినము నిర్ణయించి, ఆ దినమునకు ముందే ఇంటనున్న బీడీలు, అగ్గిపెట్టె తొలగింపజేసి, భార్యకో మిత్రునకో సంకల్పమును తెలుపుమందురు. కోరిక పుట్టినప్పుడు కొన్ని నిమిషములు దాటవేయుట, నీరు త్రాగుట, దీర్ఘముగా శ్వాసించుట, తావు మార్చుట అను నాలుగు ఉపాయములు నేర్పుదురు. మానిన తొలి దినములలో జారిపోవుట అధికము గనుక సలహాదారుడే తిరిగి ఫోను చేయును. ఆ పిలుపులు మొదట దగ్గర దగ్గరగాను, పిదప ఎడమెడముగాను సాగును. ఒకటి త్రాగితినని ఒప్పుకొన్నవానిని నిందింపక, ఏ సందర్భమున జారెనో విచారించి, మరల దినము నిర్ణయించుట ఈ విద్యకు ప్రాణము. నేరుగా వైద్యశాలకు రా సిగ్గుపడు పలువురు, ముఖము కానరాని ఫోనులో తమ వైఫల్యమును దాచకుండ చెప్పుకొందురు.

ఔషధములును శాసనమును

గాఢవ్యసనులకు మాటతోపాటు మందును అవసరము. నికోటినును పొగ లేకుండ స్వల్పముగా అందించు గమ్, చర్మముపై అంటించు పట్టీ ఒక తరగతి; వరెనిక్లిను, బ్యుప్రోపియాను అను మాత్రలు రెండవ తరగతి. వరెనిక్లిను సాధారణముగా 12 వారములు వాడుదురు. మూర్ఛవ్యాధి గలవారికి బ్యుప్రోపియాను కూడదు. నికోటిను గమ్‌ను మెల్లగా నమలి, నాలుక చురుక్కుమన్నంతనే బుగ్గకును చిగురునకును నడుమ ఉంచుకొనవలెను. పాన్ నమలినట్లు ఎడతెగక నమలి మ్రింగినచో వెక్కిళ్లు, కడుపుమంట కలుగుటయే గాక ప్రయోజనమును చెడును. పాన్ అలవాటుగల ప్రాంతములందు ఈ చిన్న సూచనను ఫోనులో రెండుమూడు మారులు చెప్పవలసియుండును.

2020 మార్చి 25న భారతదేశమున ప్రకటింపబడిన దూరవైద్య మార్గదర్శకములు, నమోదైన వైద్యుడు దూరమునుండి మందు వ్రాయుటకు శాసనసమ్మతి నొసగినవి. చీటీ లేకయే దొరకు మందులను ఏ విధమైన సంప్రదింపునందైనను సూచింపవచ్చును. మరికొన్నిటిని తొలిసారి వీడియోలో చూచిన పిమ్మటనే వ్రాయవలెను. మాదకద్రవ్యములను దూరమునుండి వ్రాయరాదు. విరమణ సేవయందలి సలహాదారులు వైద్యులు కారు గనుక, మందు వలసినవానిని సమీప వైద్యునికడకు పంపవలసియుండును. ఇంగ్లండునందు కొందరు వైద్యులు విరమణకై సూచించు ఈ–సిగరెట్టులు భారతదేశమున 2019 నుండి నిషిద్ధములగుటచే, ఆ మార్గము ఇచ్చట లేదు.

ఫలితములు

ఈ పద్ధతుల గుణమును నిర్ణయించుటకు పెక్కు పరీక్షలు జరిగినవి. 2019లో ప్రకటితమైన కాక్రేన్ సమీక్ష 104 పరీక్షలను, లక్షకు మించిన వ్యక్తులను పరిశీలించి, సహాయసంఖ్యకు ఫోను చేసినవారిని సలహాదారులు తిరిగి పలుమారులు పిలిచినప్పుడు, మానినవారు నూటికి 7 నుండి 10కి పెరుగుదురని తేల్చినది. బ్రిటనులో 5,800 మందిపై జరిగి 2011లో వెలువడిన సందేశపరీక్షలో, ప్రోత్సాహసందేశములు పొందినవారిలో నూటికి 10.7 మంది, పొందనివారిలో 4.9 మంది ఆరు మాసముల పిమ్మట మానియుండిరని లాలాజల పరీక్షచే నిర్ధారితమైనది. వీడియో సంభాషణము టెలిఫోనుకంటె మేలని చెప్పుటకు తగిన ఆధారము లభింపలేదు. ఈ సంఖ్యలు చూచుటకు అల్పములైనను, ఒక్కొక్కరికి అగు వ్యయము స్వల్పమగుటచేతను, త్రాగువారు కోట్లకొలది యుండుటచేతను, సమాజమునకు కలుగు లాభము అల్పము గాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూలైలో ప్రకటించిన తొలి విరమణచికిత్సా మార్గదర్శకము, టెలిఫోను సలహాతోపాటు సందేశములు, ఫోను అనువర్తనములు మున్నగువానిని అనుబంధ సాధనములుగా అంగీకరించినది.

పరిమితులు

సేవ యున్నంతమాత్రమున అందరికిని అందదు. పొట్లముపై ముద్రితమైన సంఖ్య, పాన్ డబ్బాలో విడిగా ఒక్క సిగరెట్టు కొనువాని కంటబడదు. బీడీకట్టపై చుట్టిన పలుచని కాగితముపై అక్షరములు వృద్ధునకు కనబడవు. విరమణ సేవను పిలుచువారిలో అత్యధికులు పురుషులే. ఇంట నొక్కటే ఫోను గల కుటుంబమున, తంబాకు నమలు స్త్రీ ఆ సంగతిని అందరియెదుట ఫోనులో చెప్పుకొనలేదు. మానితినని చెప్పినవాని మాటను దూరమునుండి పరీక్షించుట కష్టము. శ్వాసలోని కార్బన్ మోనాక్సైడును కొలుచు యంత్రము ఆరోగ్య కేంద్రముననే యుండును. దూరప్రాంతమునుండి మాటలాడు సలహాదారుడు శుద్ధమైన తెలుగు పలికినను, కల్లు మండువలో పదుగురి నడుమ కూర్చుండినవానికి బీడీ నిరాకరించుట ఎంత కష్టమో ఎరుగనిచో, అతని యుపదేశము వినువాని హృదయమునంటదు.

కర్తవ్యము

హసన్‌పర్తి వంటి మండలమున దూరవైద్యము సఫలమగుటకు క్రొత్త యంత్రములకంటె ఉన్న సంస్థలను ఒకదానితో నొకటి ముడివేయుట ముఖ్యము. ఇల్లిల్లు తెలిసిన ఆశా కార్యకర్త త్రాగువారిని గుర్తించి, ఉచిత సంఖ్యకు తానే ఫోను కలిపి, మానుటకు నిర్ణయించిన దినమును తన పుస్తకమున వ్రాసికొనవచ్చును. మందు వలసినవానిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునుండి ఈ–సంజీవని ద్వారమున వైద్యునకు చూపవచ్చును. క్షయ, మధుమేహము, రక్తపు పోటులకై మాసమునకొకమారు వచ్చువారినుండి, బీడీ మానిరా లేదా యను ప్రశ్నకు సమాధానము రాబట్టి నమోదు చేయవచ్చును. వరంగల్లున 1959లో స్థాపితమైన కాకతీయ వైద్యకళాశాల వంటి సంస్థల విద్యార్థులకు విరమణ సంభాషణమును పాఠముగా నేర్పినచో, ఈ ప్రాంతపు మాటతీరును జీవనమును ఎరిగిన సలహాదారులు ఇచ్చటనే లభింతురు. ఇట్టి సేవను వచ్చిన పిలుపుల సంఖ్యచే కొలుచుట పొరపాటు. ఎందరిని తిరిగి పిలిచితిమి, ఆరు మాసములకు వారిలో ఎందరు మానియున్నారు అను రెండు లెక్కలే దాని విలువను నిర్ణయింపదగినవి.